కత్తిపీట దగ్గరి అక్కలు

విశాఖ ఫిషింగ్ హార్బర్ అనగానే బోట్లు, వేట, ధరల మాటే. కొన్న చేపను బాగుచేసి ముక్కలు కోసిచ్చే ఆడవాళ్ల పనితనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పులుసు బాగోగులు సగం అక్కడే తేలిపోతాయి.

పని తెలిసిన అక్క ముందు "పులుసుకా, వేపుడుకా?" అని అడుగుతుంది. పులుసుకైతే అంగుళం మందం ఉండాలి, పల్చనైతే గరిటె తగలగానే విరుగుతాయి. వేపుడుకి అరంగుళం చాలు, మందమైతే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. కోనెం లాంటి పెద్ద చేపలో నడుము ముల్లు ఒక్క ఊపులో తెగాలి. రెండు మూడుసార్లు నరికితే ఎముక చిట్లి, ఆ ముక్కలు పులుసులో కలిసి గొంతులో గుచ్చుకుంటాయి.

అసలు నేర్పు పొట్ట దగ్గర. కత్తి లోతుగా దిగితే పచ్చటి పిత్తం తిత్తి చితుకుతుంది. ఆ చేదు ఎంత కడిగినా పోదు. అందుకే పైపైన చీల్చి పేగులన్నీ ఒక్కసారే లాగేస్తారు. నడుము ముల్లు వెంబడి గడ్డకట్టిన నెత్తురు, కవళ్లు అనే చిన్న చేపల పొట్టలో నల్లపొర గీకేయాలి. తొందరలో వదిలేసేవి ఇవే, ఇంట్లో నీచు కంపుకి మూలమూ ఇవే. కడగడం కూడా ముక్కలు కోయకముందే బాగా జరగాలి. కోశాక నీళ్లలో నానబెడితే రుచి నీళ్ల పాలు.

జెల్ల చేపలైతే వీపు మీది ముల్లు, పక్కల రెండు ముళ్లు ముందు నరికేస్తారు. వాటికి విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యి వాచి సలుపుతుంది. నెత్తళ్లు అనే చిన్న చేపలకు ఒక్కోదానికీ తల గిల్లి, దాంతోపాటే పేగు లాగాలి. కిలో కోనెం కన్నా కిలో నెత్తళ్లకు ఎన్నో రెట్ల పని. అన్నిటికీ ఒకే కూలి ఇస్తానని బేరమాడేవాళ్లను చూస్తే చిరాకేస్తుంది.

తూకం చేప కోయకముందుదే. తల, పేగులు, రెక్కలు పోయాక బరువు తగ్గితే కోసినామెతో గొడవ పడకండి. తల కావాలా, గుడ్లు కావాలా అన్నది ముందే చెప్పండి. గిన్నె, చిల్లర తీసుకెళ్లండి. ఆదివారం పొద్దున్నే వెళ్లి తొందరపెట్టకండి, తడి చేతులతో కత్తి అంచున చేసే పని అది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటే వీళ్లకూ పని తగ్గుతుంది. ఆ రోజుల్లో చెరువు చేపే కొన్నా, కోయించేది మాత్రం వీళ్ల దగ్గరే కోయించండి.