చెట్టుదా, నేలదా?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బయల్దేరి ఇంటర్‌స్టేట్ 80 మీద డెలావేర్ నది దాటగానే పెన్సిల్వేనియా. అక్కడి నుంచి దారి పొకోనో కొండల్లోకి ఎక్కుతుంది. ఆ కొండల్లో సరస్సుల ఒడ్డున యూదు పిల్లల వేసవి క్యాంపులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో పిల్లల కార్యక్రమాలు చూసుకునే స్నేహితురాలు నన్ను పిలిచింది. నేను ఆదివారాలు తెలుగు బడిలో పాఠం చెబుతాను. పిల్లలు గడియారం వైపే చూస్తుంటారని ఆమె దగ్గర ఎన్నోసార్లు బాధపడ్డాను. "ఒకసారి వచ్చి మా పళ్ల పండగ చూడు, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

దారిలో ఒక తోట దగ్గర బుట్టెడు పీచ్‌పళ్లు కొన్నాను. ఆగస్టులో న్యూజెర్సీ పీచ్‌కి సాటి లేదు. క్యాంపు గేటు దగ్గర కోషర్ నియమాలు, అంటే యూదుల ఆహార నియమాలు, చూసే పెద్దాయన బుట్ట చూసి నవ్వారు. ఇంట్లో వండినదైతే లోపలికి రానివ్వరట. కోయని పండు కాబట్టి నేరుగా వంటింటికి పంపించారు.

ఇలాంటి క్యాంపులకు పెద్ద చరిత్రే ఉంది. న్యూయార్క్ ఇరుకిళ్లలో పెరిగే వలస కుటుంబాల పిల్లలకు నాలుగు రోజులు మంచి గాలి దొరకాలని మొదట్లో పెట్టారు. సర్‌ప్రైజ్ లేక్ క్యాంప్ 1902 నాటిది. హీబ్రూ భాష, ఆచారం నేర్పడమే ముఖ్యమనుకున్న రామా సంస్థ తన మొదటి క్యాంపును 1947లో విస్కాన్సిన్‌లో తెరిచింది.

నేను చేరింది 2023 ఆగస్టు 1 సాయంత్రం. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పొద్దు గుంకగానే ఆవ్ నెల పదిహేనో రోజు వచ్చింది. దాన్ని తూ బిఆవ్ అంటారు. వాళ్ల నెలలూ చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి కాబట్టి అది పౌర్ణమి. మన పంచాంగంలో అధిక శ్రావణ పౌర్ణమి. వాళ్లకూ అధిక మాసం ఉంది, పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు వస్తుంది. ఈ సంగతి తెలిసి నాకు చెప్పలేనంత సంతోషమైంది.

పూర్వం ఈ రోజున జెరూసలేం అమ్మాయిలు తెల్లబట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో నాట్యం చేసేవాళ్లని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతోంది. ఆ బట్టలు ఎవరివి వాళ్లవి కావు, అందరూ అరువు తెచ్చుకున్నవే. మంచి బట్ట లేని పిల్ల సిగ్గుపడకూడదని ఆ ఏర్పాటు. క్యాంపులోనూ పిల్లలు తమ తెల్లచొక్కాలన్నీ ఒక బల్ల మీద కుప్పపోసి, ఎవరికి ఏది అందితే అది వేసుకున్నారు. మోకాళ్ల దాకా వేలాడే చొక్కాతో ఒక చిన్నది గిరగిరా తిరుగుతుంటే ఆ పాత మాటలోని దయ అంతా కళ్లకు కట్టింది.

పొద్దున్నే నన్ను వంటింట్లో పనికి పెట్టారు. పండ్లన్నీ కోషరే, కానీ వాటిలో ఉండే పురుగు నోట్లోకి పోకూడదు. అందుకని స్ట్రాబెర్రీల తొడిమలు లోతుగా కోసేసి, సబ్బునీళ్లలో నానబెట్టి, మళ్లీ మళ్లీ కడుగుతారు. అంజూరాలను ఒక్కొక్కటీ విప్పి లోపల వెలుతురులో చూస్తారు. రాస్ప్‌బెర్రీల జోలికే పోలేదు, వాటి గుంటల్లో ఏముందో చూడటం కష్టమని. నేనూ అంజూరాలు విప్పాను. ఒక పండును అంతసేపు చూసి ఎన్నేళ్లయిందో!

అసలు ఆట మైదానంలో జరిగింది. యూదులు పండు తినేముందు చిన్న స్తోత్రం చెబుతారు. చెట్టున కాస్తే ఒక మాట, నేల పంటైతే మరో మాట. పిల్లల్ని చూసుకునే కౌన్సిలర్ పండు పైకెత్తగానే పిల్లలు ఇటో అటో పరుగెత్తాలి. పీచ్ అనగానే అందరూ చెట్టు వైపే. అనాస దగ్గర సగం మంది తడబడ్డారు, అది నేలది. అరటిపండు ఎత్తగానే దాదాపు అందరూ చెట్టు వైపు ఉరికారు. కాదు, అదీ నేలదే! ఎందుకో చెప్పమని నన్ను ముందుకు తోశారు. మాది కోనసీమ, రావులపాలెం దగ్గర. గెల కోశాక ఆ బోదె మళ్లీ కాయదని, దాన్ని నరికేస్తే పక్కన పిలక లేస్తుందని, ఏటేటా నిలిచే మాను దానికి ఉండదని చెప్పాను. వాళ్ల పండితులు ఆ లెక్కనే దాన్ని నేల పంటల్లో చేర్చారు. తర్వాత బొప్పాయి వచ్చింది. దాని మీద కౌన్సిలర్లకే ఏకాభిప్రాయం లేదు, పిల్లలు రెండు జట్లుగా వాదించుకున్నారు. ఎవరూ గడియారం చూడలేదు.

ఏడాదిలో మొదటిసారి తినే పండుకు ఇంకో స్తోత్రం ఉంది, షెహెహియాను. "మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ వేళకు చేర్చినవాడా" అని దాని భావం. జెరూసలేంలోని తమ ప్రాచీన ఆలయ విధ్వంసానికి దుఃఖించే మూడు వారాల్లో చాలామంది ఆ స్తోత్రం చెప్పరు. అందుకని కొత్త పండూ ముట్టుకోరు. ఆ దుఃఖదినాలు వారం కిందటే ముగిశాయి. అంజూరం, దానిమ్మ, జామ, లిచీ వరసగా పెట్టిన బల్ల ముందు పిల్లలు ఎంత ఆత్రంగా నిలబడ్డారో చెప్పలేను. కాశీలో ఇష్టమైన పండు వదిలేసి వచ్చే మన పెద్దవాళ్ల సంగతి చెబితే అందరూ శ్రద్ధగా విన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగువాళ్లు యూదు ఆచారాలు పాటిస్తారని చెప్పినప్పుడు మాత్రం ఒక్కసారిగా ప్రశ్నలు కురిశాయి.

మధ్యాహ్నం సరస్సులో పుచ్చకాయకు వాసెలిన్ పూసి వదిలారు. దాన్ని పట్టుకుని ఒడ్డుకు చేర్చిన జట్టు గెలిచినట్టు. చేతికి చిక్కదు, అరుపులు, నీళ్లు. అది వర్ణించేది కాదు, చూడాల్సిందే.

తిరిగి వస్తూ మా భోగిపళ్ల గురించే ఆలోచించాను. రేగిపళ్లు దొరకవని క్రాన్‌బెర్రీలు, చాక్లెట్లు కలిపి చిన్నపిల్లల తలల మీద పోస్తాం, ఫొటోలు తీసుకుంటాం. రేగిపండు రుచి ఎరగని పిల్లలే మా బడిలో ఎక్కువ. ఇంటికి రాగానే మిగతా టీచర్లకు రాశాను. వచ్చే భోగికి ఎలాగైనా రేగిపళ్లు తెప్పిద్దాం, ఎండువైనా సరే. పెద్ద తరగతి పిల్లలు ముందు వాటిని చేత్తో పట్టుకుని చూడాలి, ముళ్ల చెట్టు గురించి తెలుగులో చెప్పాలి, తిని గింజ ఉమ్మాలి. చిన్నవాళ్ల తల మీద పోయడం ఆ తర్వాతే. ఇద్దరు అప్పుడే సరేనన్నారు.