మార్కెట్ కూలిన రోజు మీ షేర్లు అమ్మేది ఎవరు?

2020 మార్చి 23, సోమవారం. ఉదయం పది కొట్టకముందే షేర్ల సూచీ 10 శాతం పడి, ట్రేడింగ్ ఆపాల్సిన పతన హద్దును, అంటే లోయర్ సర్క్యూట్‌ను తాకింది. ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. మళ్లీ తెరిచాకా పతనం ఆగలేదు. సాయంత్రానికి సెన్సెక్స్ 3,934 పాయింట్లు, అంటే 13 శాతానికి పైగా పోగొట్టుకుని 25,981 దగ్గర ముగిసింది. పది రోజుల ముందు, మార్చి 13న కూడా ఇదే సర్క్యూట్ పడింది. కానీ ఆ రోజు తెరిచాక ఎగబాకి, 1,325 పాయింట్ల లాభంతో ముగిసింది. సర్క్యూట్ పడితే ఇక అంతకంటే కిందికి పోదని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చే విరామం, అంతకుమించి ఏమీ కాదు.

సూచీ అంతకుముందు రోజు ముగింపు నుంచి 10, 15, 20 శాతం కదిలితే ఈ బ్రేకులు పడతాయి. 10 శాతం మధ్యాహ్నం ఒంటిగంట లోపు వస్తే 45 నిమిషాలు, ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య వస్తే 15 నిమిషాలు ఆపుతారు. రెండున్నర దాటాక వస్తే ఆపరు. 20 శాతం ఎప్పుడు పడినా ఆ రోజుకి దుకాణం బంద్.

అలాంటి రోజున భయంతో అమ్మేవాళ్లు కొందరు, అమ్మక తప్పక అమ్మేవాళ్లు కొందరు. మొదటివాళ్ల గురించి టీవీలో కావలసినంత మాట్లాడతారు. డబ్బు శాశ్వతంగా పోయేది ఎక్కువగా రెండోవాళ్లకి.

బ్రోకర్ దగ్గర అప్పు చేసి షేర్లు కొనే పద్ధతి ఉంది కదా, మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ, ఎంటీఎఫ్. మీవి లక్ష, బ్రోకర్‌వి 3 లక్షలు, మొత్తం 4 లక్షల షేర్లు కొన్నారనుకోండి. వడ్డీ ఏడాదికి 12 శాతమైతే నెలకు 3,000. అది పెద్ద భారంగా అనిపించదు, అందుకే చాలామంది దిగుతారు. ఇప్పుడు ధర 13 శాతం పడింది. షేర్ల విలువ 3,48,000. బ్రోకర్ అప్పు 3 లక్షలు అలాగే ఉంది. మీకు మిగిలింది 48,000. అంటే 13 శాతం పతనానికి మీ సొంత డబ్బులో 52 శాతం పోయింది.

మార్జిన్, అంటే షేర్ల విలువలో మీ సొంత డబ్బు వాటా, 25 శాతం ఉండాలంటే 87,000 కావాలి, మీ దగ్గర 39,000 తక్కువ. ఆ 39,000 గడువులోగా కట్టకపోతే బ్రోకర్ 39,000 విలువైన షేర్లు మాత్రమే అమ్మి ఊరుకుంటాడనుకోవడం పొరపాటు. 48,000 అనేది 25 శాతం కావాలంటే మీ దగ్గర 1,92,000 విలువైన షేర్లే ఉండాలి. కాబట్టి 1,56,000 విలువైనవి అమ్మేస్తాడు, అదీ ఆ రోజు దొరికిన ధరకి. ఇంకో మెలిక ఏమిటంటే, మార్జిన్ శాతం స్థిరంగా ఉండదు. ఒడిదుడుకులు పెరిగితే అదీ పెరుగుతుంది. 35 శాతానికి పోయిందంటే అమ్మేది 2,10,000 దాటుతుంది. మర్నాడు మార్కెట్ లేచినా, లేచేది మీ దగ్గర మిగిలిన ముక్క మీదే.

షేర్లు తనఖా పెట్టి తీసుకునే అప్పులోనూ లెక్క ఇదే. మామూలుగా విలువలో సగం దాకా అప్పు ఇస్తారనుకోండి. పూర్తి సగం వాడేస్తే ధర ఒక్క శాతం తగ్గినా పరిమితి దాటినట్టే. 10 లక్షల షేర్ల మీద 2 లక్షలే తీసుకున్నవాడికి విలువ 60 శాతం పడేదాకా డబ్బు కట్టమని ఫోన్ రాదు. నా మట్టుకు, షేర్ల మీద అప్పు తప్పనిసరైతే విలువలో ఐదో వంతు దాటకూడదు.

ప్రమోటర్లూ, అంటే కంపెనీని పెట్టి నడిపించేవాళ్లూ, దీనికి అతీతులు కారు. సత్యం కంప్యూటర్స్‌లో బయటపడింది లెక్కల మోసం, అది అందరికీ తెలిసిందే. దాని పక్కనే తనఖా కథ కూడా ఉంది. ప్రమోటర్లు తనఖా పెట్టిన షేర్లలో చాలావాటిని అప్పిచ్చినవాళ్లు మార్జిన్ కోసం అప్పటికే అమ్మేశారు. 2009 జనవరి 7న మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు, ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు 40 దగ్గర ముగిసింది. ఆ నెలలోనే ప్రమోటర్ల తనఖా వివరాలు వెల్లడించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. ఇప్పుడు ప్రతి మూడు నెలలకీ ఎక్స్‌ఛేంజ్ వెబ్‌సైట్లో వాటాదారుల పట్టికలో ఆ అంకె కనిపిస్తుంది. లాభాల కంటే ముందు ఆ గడి చూడండి. ప్రమోటర్ వాటాలో సగం తనఖాలో ఉంటే, పతనం రోజున అక్కడ కూడా అమ్మక తప్పనివాడు ఒకడు కాచుకుని ఉన్నట్టే.

ధర ఇంత పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్, స్టాప్‌లాస్, పెట్టాం కదా అంటారు. ధర 500కి పడగానే ఆర్డర్ మొదలయ్యేలా ట్రిగ్గర్, 495 కంటే తక్కువకి అమ్మొద్దని లిమిట్ పెట్టారనుకుందాం. షేరు ఉదయం నేరుగా 470 దగ్గర తెరుచుకుంటే మీ ఆర్డర్ 495 దగ్గరే వేలాడుతుంది. షేరు దాని సొంత లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే ఇంకా ఘోరం, కొనేవాడే ఉండడు, అమ్మేవాళ్ల వరసలో మీ వంతు రాదు. చిన్న కంపెనీల్లో ఇది రోజుల తరబడి సాగుతుంది.

ఇదంతా ఆర్థిక వ్యవస్థలోకి పాకేది ముఖ్యంగా రెండు దారుల్లో. కొత్త పెట్టుబడికి తలుపు మూసుకుపోవడం మొదటిది. 2008 జనవరి పతనం తర్వాత, ఫిబ్రవరిలో వోకార్డ్ హాస్పిటల్స్, ఎమ్మార్ ఎంజీఎఫ్ తమ ఐపీఓలను, అంటే జనానికి తొలిసారి షేర్లు అమ్మే ప్రయత్నాలను, వెనక్కి తీసుకున్నాయి. వచ్చే డబ్బు రాకపోతే విస్తరణ ఆగుతుంది, కాంట్రాక్టరుకి బిల్లు ఆగుతుంది. రెండోది అప్పుల మార్కెట్ బిగుసుకోవడం. 2020 ఏప్రిల్ 23న మ్యూచువల్ ఫండ్ సంస్థ ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను, అంటే మదుపరుల డబ్బు అప్పుగా ఇచ్చే ఫండ్లను, మూసేసింది. నాలుగు రోజుల్లో రిజర్వ్ బ్యాంకు మ్యూచువల్ ఫండ్ల కోసం 50,000 కోట్ల వెసులుబాటు ప్రకటించాల్సి వచ్చింది. మదుపరులకు డబ్బు వచ్చింది, కానీ మరుసటి ఏడాది నుంచి, విడతలవారీగా. డెట్ ఫండ్ కదా, ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చని పెళ్లి ఖర్చు అందులో పెట్టుకున్నవాళ్లకి ఆ తేడా బాగా తెలిసొచ్చింది.

అయితే మార్కెట్‌నీ దేశ ఆర్థిక స్థితినీ ఒకే తాటికి కట్టకూడదు. నిఫ్టీ 2020 జనవరిలో 12,430 నుంచి మార్చి 24న 7,511కి పడింది, దాదాపు 40 శాతం. అక్కడి నుంచి పాత ఎత్తుకు చేరాలంటే 65 శాతం పెరగాలి. నవంబరుకల్లా చేరింది. మధ్యలో ఏప్రిల్-జూన్ జీడీపీ మాత్రం మొదటి అంచనా ప్రకారం 23.9 శాతం కుంగింది. ఉద్యోగాలు పోతున్న నెలల్లోనే షేర్లు పెరిగాయి. ఆ ఎనిమిది నెలలు చేతిలో డబ్బు లేక షేర్లు అమ్ముకున్నవాడికి ఈ కోలుకోవడంతో పనే లేదు.

అందుకే నగదు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. షేర్లు సోమవారం అమ్మితే డబ్బు మంగళవారం బ్రోకర్ ఖాతాలో జమ అవుతుంది, అక్కడి నుంచి బ్యాంకుకి రావాలి. ఈక్విటీ ఫండ్‌కి రెండు మూడు పనిదినాలు. లిక్విడ్ ఫండ్‌లో వెంటనే తీసుకునే సౌకర్యం ఉన్నా రోజుకు 50,000 లేదా ఉన్నదాంట్లో 90 శాతం, ఏది తక్కువైతే అది. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చూ, ఈఎంఐలూ కలిపి ఎంతవుతుందో లెక్కేసి, అందులో రెండు నెలలది సేవింగ్స్‌లో, మిగతాది ఎప్పుడైనా రద్దు చేసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్లలో చిన్న చిన్న ముక్కలుగా ఉంచండి. ఒకే డిపాజిట్‌గా పెడితే 30,000 అవసరానికి 3 లక్షలూ విరగ్గొట్టాల్సి రావచ్చు.