కోడీలో తుపాకుల మధ్య ఒక పూట

ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్లే మనవాళ్లకి వయోమింగ్‌లోని కోడీ అంటే రాత్రి పడుకునే హోటల్ ఉన్న ఊరు, అంతే. పొద్దున్నే లేచి యాభై మైళ్లు కొడితే పార్కు తూర్పు గేటు. మా ప్లానూ అదే. కానీ మా అక్క మొగుడికి తుపాకుల పిచ్చి. డెన్వర్ నుంచి బయల్దేరినప్పుడే షరతు పెట్టాడు: "బఫెలో బిల్ సెంటర్ చూశాకే పార్కు." విండ్ రివర్ లోయ దాటేసరికి పిల్లల గోల భరించలేక అక్క కూడా సరేనంది.

ఆ సెంటర్ అంటే ఒకే కప్పు కింద ఐదు మ్యూజియాలు. అక్కా పిల్లలూ జంతువుల వైపు వెళ్లారు, మేమిద్దరం తుపాకుల వైపు. తుపాకులు తయారుచేసే వించెస్టర్ కంపెనీ న్యూ హేవెన్‌లో దాచుకున్న సొంత సేకరణ 1970ల్లో ఇక్కడికి చేరింది. 2019లో మొత్తం తిరిగి సర్ది తెరిచారు. రైఫిల్ అంటే సినిమాల్లో చూసిందే తప్ప నాకేమీ తెలియదు. జింకని కొడితే జైలుకి పోయే దేశంలో పెరిగినవాణ్ణి మరి. బావకేమో అక్కడ ఏ అద్దాల పెట్టెలో ఏముందో ముందే తెలుసు.

నన్ను నేరుగా వించెస్టర్ మోడల్ 1894 ముందుకి లాక్కెళ్లాడు. లీవర్ రైఫిల్ అది, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్‌ని కిందికి లాగి పైకి మూస్తే తూటా ఎక్కే రకం. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ డిజైన్. ఇప్పటిదాకా 70 లక్షలకు పైగా అమ్ముడైందట. 1895లో దీనికోసం వచ్చిన .30-30 తూటా, అమెరికాలో వేటకోసం తయారైన తొలి పొగలేని మందు తూటా. సన్నగా, ఎక్కడా ఎగుడు దిగుడు లేకుండా, వాల్‌నట్ కర్రతో ఉంది. "గుర్రం జీను పక్కన తోలు ఒరలోకి దోపుకోవాలి కదా, అందుకే ఇంత చదును" అన్నాడు బావ.

ఆ తర్వాత గ్రేట్ బేసిన్ కథ చెప్పాడు. 2014 నవంబరులో నెవాడాలోని ఆ పార్కులో ఒక జునిపర్ చెట్టుకి ఆనించి ఉన్న వించెస్టర్ 1873 రైఫిల్ దొరికింది. 1882లో తయారైనది. ఎవరు పెట్టారో, ఎందుకు తిరిగి తీసుకోలేదో ఎవరికీ తెలియదు. పాడవకుండా చూడమని దాన్ని ఈ మ్యూజియానికే పంపారు. ఊళ్లో ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయిస్తే పిడి లోపల పేలని తూటా ఒకటి కనిపించిందట. తుపాకీకి ఎక్స్‌రే తీసిన టెక్నీషియన్ ఆ రోజు ఇంట్లో ఏం చెప్పుకున్నాడో వినాలని ఉంది.

భోజనం అయ్యాక ఊళ్లోని ఒక తుపాకుల షాపుకి వెళ్లాం. నేను వీసా మీద ఉన్నవాణ్ణి. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ చేతబట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. బావ సిటిజన్. కాబట్టి నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను, ఆయన అడిగి తీయించుకున్నాడు.

గోడమీద పక్కపక్కనే రెండు ఉన్నాయి. ఒకటి పాత 94, 1964కి ముందుది. ఆ ఏడాది ఖర్చు తగ్గించడానికి డిజైన్ మార్చారు, అప్పటి నుంచి "ప్రీ-64" అంటే గిరాకీ. రెండోది కొత్త లీవర్ రైఫిల్, కర్ర అన్నదే లేదు, మొత్తం నలుపు. ముందు పట్టుకునేచోట అల్యూమినియం హ్యాండ్‌గార్డ్, లైటు తగిలించడానికి దానికి వరసగా గాడులు. పైన స్కోపు లాంటివి బిగించుకునే పళ్ల పట్టీ, పికాటినీ రైలు. పిడి పక్కన తూటాలు దోపుకునే కుట్లు. లీవర్‌కి చుట్టూ నైలాన్ తాడు. మూతికి సప్రెసర్, అంటే శబ్దం తగ్గించే గొట్టం, బిగించుకునే మర. గెరిల్లా యుద్ధానికి పోయేవాడి సామానులా ఉంది.

షాపాయన పాతదాని లీవర్ నెమ్మదిగా కిందికి లాగి చూపించాడు. తూటా వెనక మూసి ఉంచే బోల్టు వెనక్కి జరిగింది, దెబ్బ కొట్టే హ్యామర్ వెనక్కి వాలి నిలబడింది. పైకి మూస్తే కొత్త తూటా లోపలికి. తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందుని అంటించే భాగానికి) ఆనుతూ. మొన సూదిగా ఉంటే కుదుపుకి గొట్టంలోనే పేలే ప్రమాదం. అందుకే పాత .30-30 తూటాలు మొండి ముక్కువి. ఇప్పుడు తూటాలు తయారుచేసే హార్నడీ వాళ్లు మెత్తటి మొన పెట్టి సూది ఆకారం తెచ్చారు. నలుపు రంగు కన్నా ఇది పెద్ద మార్పని నాకనిపించింది, కానీ గోడమీద వేలాడదీస్తే కనబడదు.

అన్నీ వేషాలే అని కొట్టిపారేయలేం. చలికి గ్లవ్స్ వేసుకున్న చేయి దూరాలంటే లీవర్ వలయం పెద్దది కావాల్సిందే. సప్రెసర్ ఉంటే చెవులు బతుకుతాయి, వయోమింగ్‌లో వేటకి అనుమతి కూడా ఉంది. రైలు మీద రెడ్ డాట్ (గురి చోట ఎర్ర చుక్క చూపించే అద్దం) పెట్టుకుంటే వయసు మీరిన కళ్లకి సుఖం. జింక కోసం లైటు ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు. ఈ రైఫిల్‌ని మధ్యలో, బోల్టు ఉండే రిసీవర్ దగ్గర ఒంటి చేత్తో పట్టుకుని నడుస్తారు. బరువు సరిగ్గా అక్కడే తూగుతుంది. స్కోపు, లైటు, హ్యాండ్‌గార్డ్ అన్నీ తగిలిస్తే చేయి పెట్టడానికి ఆ చోటే మిగలదు.

"పాతదే నిజమైన వేట తుపాకీ, ఇది సైనికుల వేషం" అన్నాను. బావ వెంటనే అందుకున్నాడు. "లీవర్ రైఫిల్ పుట్టిందే యుద్ధంలోరా. 1860 నాటి హెన్రీలో 16 తూటాలు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికా సైన్యాధికారి కస్టర్ సైనికుల చేతుల్లో ఒక్కో తూటా పెట్టి కాల్చే స్ప్రింగ్‌ఫీల్డ్‌లు, వాళ్లతో పోరాడిన లకోటా, షెయన్ తెగల వీరుల్లో చాలామంది చేతుల్లో హెన్రీలు, వించెస్టర్‌లు. 1983లో అక్కడ గడ్డి తగలబడ్డాక తవ్వితే ఖాళీ తొడుగులు బయటపడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం మోడల్ 1895లు మూడు లక్షల దాకా కొనింది. అప్పటి తాతలకి ఇదే టాక్టికల్, అంటే సైనికుల సరుకు."

జవాబు తోచలేదు. అయినా నాకు కర్రదే నచ్చింది, ఎంత వాదించినా.

చివర్లో బావ షాపాయన్ని అడిగాడు, మీరు దేంతో వేటకి వెళ్తారని. ఆయన రెండింటినీ వదిలేసి కౌంటర్ వెనక్కి చూపించాడు: స్కోపు బిగించిన బోల్ట్ యాక్షన్, అంటే లీవర్ లేకుండా బోల్టునే చేత్తో వెనక్కి లాగే రైఫిల్. ఇక్కడ మ్యూల్ డీర్ అనే జింకలు సేజ్ పొదల మైదానాల్లో తిరుగుతాయి, గురి 300 గజాలు కూడా ఉండొచ్చు. .30-30కి 150, మహా అయితే 200 గజాలు. లీవర్ రైఫిల్‌కి తగిన చోటు తూర్పున, చెట్ల సందున జింక సగం మాత్రమే కనిపించే దట్టమైన అడవి.

బావ కారెక్కకముందే మిషిగన్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ కలిపాడు, నవంబరు 15న మొదలయ్యే సీజన్‌కి నీ దగ్గరకి రావచ్చా అని. వెనక సీట్లోంచి అక్క, "దీపావళి అయ్యాక చూద్దాం" అంది.