గుంత తవ్వే ముందు గడ్డిని చూడండి

2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని భారత్ మాట ఇచ్చింది. చెట్లు పెంచినవారికి కేంద్రం పాయింట్లిచ్చే గ్రీన్ క్రెడిట్ పథకంలో, 2024 ఫిబ్రవరి నాటి పద్ధతి ప్రకారం చెట్టుకొక క్రెడిట్, హెక్టారుకు కనీసం 1,100 చెట్లు. 2025లో దాన్ని సవరించి, ఐదేళ్లకు నేల మీద 40 శాతం మేర చెట్ల కొమ్మల పందిరి ఉండాలన్నారు. చెట్ల లెక్క నీడ లెక్కగా మారింది, అంతే. గడ్డి నేలలకు రెండింట్లోనూ చోటు లేదు.

మొక్క నాటే గుంతకు 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు వేసుకోండి. 1,100 గుంతలంటే హెక్టారులో సుమారు 100 ఘనపు మీటర్ల మట్టి పైకొస్తుంది. గడ్డి భూమి కర్బనాన్ని ఎక్కువగా దాచేది వేర్లలో, మట్టిలో. తవ్విన మట్టికి గాలి తగిలితే సూక్ష్మజీవులు ఆ సేంద్రియ పదార్థాన్ని త్వరగా కుళ్లబెట్టి వాయువుగా వదిలేస్తాయి.

నంద్యాల జిల్లా రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట కోసం. అది నేల మీదే, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. చుట్టూ దూరం దాకా కనబడే చోటే దానికి ఇల్లు. అలాంటి నేలలో వరసగా చెట్లు పెడితే కాకులకు కూర్చునే కొమ్మలూ, గుడ్డు మీదికి దారీ చూపించినట్టే. కృష్ణజింకకూ మైదానమే కావాలి. రికార్డులో ‘బంజరు’ అని ఉంటే చాలు, నాటేయొచ్చు అనుకోవడం నా దృష్టిలో పెద్ద తప్పు.

చిరుమాను, తునికి, మోదుగ మోళ్లు కనిపిస్తే అది దెబ్బతిన్న అడవి. అక్కడా చాలాచోట్ల నాటే పని ఉండదు, మోళ్లే మళ్లీ చిగురిస్తాయి. వానలకు ముందే మోడును నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా వాలుగా నరకాలి. ఏడాది తర్వాత బలమైన పిలకలు ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. పశువుల మేత, నిప్పు మొదటి మూడేళ్లు రాకుండా చూడకపోతే ఈ శ్రమంతా వృథా. తొర్రలున్న చెట్లు, ఎండి నిలబడ్డ మాన్లు మాత్రం ముట్టొద్దు. వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రలోకే తర్వాత చిలకలూ, గోరింకలూ, పైడికంటెలనే చిన్న గుడ్లగూబలూ చేరతాయి.

తలంబ్రాల మొక్క (లాంటానా) అల్లుకున్న చోట పైపైన కొడితే మొదలు నుంచి మరింత గుబురుగా లేస్తుంది. నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున ప్రధాన వేరును నరికి, మళ్లీ వేళ్లూనకుండా పొదను తలకిందులుగా పెట్టాలి. కాయలు పండకముందే చేయాలి. పక్షులు వాలే చెట్ల కింద మొలకలు వస్తూనే ఉంటాయి, కనీసం రెండేళ్లు వాటిని పీకాలి. ఖాళీ అయిన నేలలో వెంటనే అక్కడి గడ్డి విత్తనమే చల్లాలి, లేదంటే వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది.

ఇక కొలత. బతికిన మొక్కల శాతం ఒక్కటే రాస్తే పై నష్టాలేవీ కాగితం మీదికి రావు. 10×10 మీటర్ల గడుల్లో చెట్ల పిల్లలను జాతుల వారీగా, వాటి లోపల 1×1 మీటరు గడుల్లో గడ్డినీ, మూలికలనూ లెక్కించాలి. పని మొదలుపెట్టకముందు ఒకసారి, ఆపైన ఏటా వానలు వెనకపట్టే రోజుల్లో, అవే గడుల్లో.