బార్మేర్‌లో జమ్మిచెట్టు

నిన్న సాయంత్రం ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ వస్తుంటే థర్మల్ ప్లాంట్ చిమ్నీలు కనిపించాయి. పక్కనే నిండుగా కృష్ణమ్మ. ఒక్కసారిగా బార్మేర్ గుర్తొచ్చింది.

రాజస్థాన్‌లో, థార్ ఎడారిలో రెండేళ్లు పనిచేశాను. అక్కడ కపూర్డీ, జలీపా గనుల్లో తవ్విన లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) భాద్రేష్ కరెంటు ప్లాంట్‌కి వెళ్తుంది. 135 మెగావాట్ల యూనిట్లు 8, మొత్తం 1080. లిగ్నైట్ మన సింగరేణి బొగ్గులాంటిది కాదు. తడి ఎక్కువ, వేడి తక్కువ. కుప్పపోసి వదిలేస్తే దానంతటదే అంటుకుంటుంది. వేసవిలో ఆ టెన్షన్ మామూలుగా ఉండేది కాదు. అందుకే దాన్ని దూరం మోయరు, గని దగ్గరే ప్లాంట్ కడతారు.

ప్లాంట్‌కి నీళ్లు ఇందిరాగాంధీ కాలువ నుంచి పైపుల్లో వస్తాయి. ప్రకాశం బ్యారేజీ చూస్తూ పెరిగిన నాకు అది చూస్తే గుండె బరువెక్కేది.

గనికి పొలం ఇచ్చేసిన ఒక పెద్దాయన ఓసారి టీ ఇప్పిస్తూ అన్నాడు: "డబ్బులు వచ్చాయి బాబూ. మా తాత పెంచిన ఖేజ్రీ చెట్లు ఎక్కణ్నుంచి తెచ్చుకోను?"

ఖేజ్రీ అంటే మన జమ్మిచెట్టే. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మొన్న దసరాకి అమ్మతో కలిసి జమ్మికి ప్రదక్షిణ చేస్తుంటే ఆయనే కళ్లముందు మెదిలాడు. వచ్చేటప్పుడు కనీసం ఫోన్ నంబరైనా అడగలేదు.