చుక్కల మంద వయసు

సంక్రాంతి ఎడ్ల పందేల వేళకు నేను ఊరు చేరలేకపోవడానికి కారణం నేను కొలిచే గెలాక్సీయే. చిలీలో లా సెరెనా నగరానికి ఎగువనున్న కొండల మీద, అక్కడి సిబ్బందితో స్పానిష్‌లో మాట్లాడుకుంటూ, పెద్ద మాజెల్లాన్ మేఘంలోని నక్షత్ర గుచ్ఛాల వయసు కట్టడం నా ఉద్యోగం. ఆ మేఘం రాత్రి ఎక్కువసేపు ఎత్తున నిలిచేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గెలాక్సీ, ప్రకాశం జిల్లా కొండపి దగ్గరి మా ఊరి నుంచి చూస్తే దక్షిణాన అయిదు డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. అగస్త్య నక్షత్రానికి చాలా కింద, నేలనంటిన మసకలోనే ఉండిపోతుంది.

అందుకే ఎండాకాలంలో వస్తాను. ఒంగోలు గిత్త రెండు పళ్లదో నాలుగు పళ్లదో నోరు చూసి చెప్పే మా నాన్న, “ఎద్దుకైతే పళ్లు చూస్తాం, చుక్కకేం చూస్తావమ్మా?” అని అడిగారు. “ఒక్క చుక్కను చూసి చెప్పడం కష్టం నాన్నా, మందంతా చూడాలి” అన్నాను.

ఒక గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ ఒకే వాయుమేఘం నుంచి దాదాపు ఒకేసారి పుడతాయి. బరువైనది తన హైడ్రోజన్‌ను త్వరగా కాల్చేసుకుంటుంది: సూర్యుడి వంటి నక్షత్రానికి సుమారు 1000 కోట్ల ఏళ్లు పడితే, దానికి పది రెట్లు బరువున్నదానికి రెండు మూడు కోట్ల ఏళ్లే. నక్షత్రాల రంగును, వెలుగును ఒక పటం మీద గుర్తించి, వాటి ప్రధాన వరుస (ఇంకా నడిబొడ్డున హైడ్రోజన్ కాల్చుకుంటున్న నక్షత్రాలు ఆ పటం మీద కట్టే బారు) ఎక్కడ మలుపు తిరిగిందో చూస్తే, ఏ బరువు దాకా నక్షత్రాలు ముసలివయ్యాయో, అంటే గుచ్ఛానికి ఎన్నేళ్లో తేలుతుంది. ఎన్‌జీసీ 1866 అనే గుచ్ఛానికి సుమారు 20 కోట్ల ఏళ్లు. హాడ్జ్ 11కు 1200 కోట్లకు పైనే. అంత పాత గుచ్ఛాలలో మలుపు చాలా మసక వెలుగులో ఉంటుంది కనుక హబుల్ దూరదర్శిని సాయం కావాలి.

ఈ పద్ధతికి ఆధారమైన “ఒకేసారి” అన్న మాటకే ఒకప్పుడు ఎసరు వచ్చింది. ఎన్‌జీసీ 1846లో ఒకే మలుపు ఉండవలసిన చోట రెండున్నట్లు 2007లో గమనించారు. కొన్ని నక్షత్రాలు దాదాపు 30 కోట్ల ఏళ్లు ఆలస్యంగా పుట్టాయని మొదట భావించారు. వేగంగా తిరిగే నక్షత్రం నడుము ఉబ్బి అక్కడ చల్లబడుతుందని, చూసే కోణాన్ని బట్టి దాని రంగూ వెలుగూ మారుతాయని, అందువల్ల ఒకే ఈడువి కూడా వేర్వేరు ఈడువిగా కనిపిస్తాయని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. నాకూ ఇదే సబబుగా తోస్తుంది. కాబట్టి ఇలాంటి గుచ్ఛాలకు వయసు కట్టేటప్పుడు, వర్ణపటంలోని (రంగులుగా విడదీసిన వెలుగులోని) రేఖల వెడల్పును బట్టి నక్షత్రాల భ్రమణ వేగాన్ని కూడా కొలవవలసి వస్తోంది.