దేవమాలి, రెండోసారి

మొదటిసారి దేవమాలి కొండ సగంలోనే సైకిల్ దిగిపోయాను. కాళ్లు బాగానే ఉన్నాయి, ఊపిరీ అందుతోంది, అయినా ‘ఇక చాలు’ అనిపించింది, దిగిపోయాను. అదే నన్ను నెల రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. హిమాచల్‌లో వరసగా కొన్ని రోజులు సాగే మౌంటెన్ బైక్ రేసుకి పేరిచ్చి ఉన్నాను మరి. నిన్నటి అలసట ఒంట్లో ఉండగానే ఇవాళ మళ్లీ కొండెక్కాలి అక్కడ.

మాది ఒడిశాలోని జయపురం. ఈసారి శనివారమే ఘాట్ ఎక్కి, కొరాపుట్ మీదుగా సునాబెడలో పెద్దమ్మ ఇంటికి చేరాను. అప్పుడైతే రాత్రి పన్నెండు దాకా షాపు లెక్కలు చూసుకుని, సరిగా నిద్రపోకుండానే బయల్దేరాను. 2009లో వ్యాయామ శాస్త్రవేత్త సామ్యుయేలే మార్కోరా బృందం 16 మందితో ఒక ప్రయోగం చేసింది. 90 నిమిషాలు కంప్యూటర్ ముందు బుర్ర వేడెక్కే పని చేయించి సైకిల్ తొక్కిస్తే, ఊరికే డాక్యుమెంటరీ చూసిన రోజుకన్నా ముందే ఆగిపోయారు. గుండె, కండరాల పనిలో తేడా లేదట, కష్టంగా అనిపించడమే ఎక్కువైంది. అది చదివినప్పుడు నా కథే చదువుతున్నట్టుంది.

అందుకే సాయంత్రమే ఫోన్ కట్టేసి పెద్దమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను.

“ఆ కొండ మీదకి కార్లెళ్తన్నాయి కదరా, సైకిలెందుకు నాయనా?”

“రేసుంది పెద్దమ్మా.”

“అయితే రేపు చద్దన్నం తిని ఎల్లు.”

పడుకోబోయే ముందు తెల్ల ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో మూడు మాటలు రాసి సైకిల్ మధ్య కడ్డీకి అంటించాను. పంక్చరైతే: ముందు రెండు గుక్కల నీళ్లు, తర్వాతే పంపు. ఎవరైనా దాటిపోతే: నా గేరు నాదే. ‘ఇక చాలు’ అనిపిస్తే: ఒక గేరు తగ్గించు, వంద తొక్కుళ్లు లెక్కపెట్టు. ఆ తర్వాత కళ్లు మూసుకుని దారంతా ఒకసారి నడిచొచ్చాను. శిఖరం మీద నిలబడి చేతులెత్తడం ఊహించుకోమని చాలామంది చెప్తారు కానీ, నాకు పనికొచ్చింది మాత్రం ఆ దిగిపోయిన మలుపుని, అక్కడి రాళ్లని, మెడ వెనక ఎండని కావాలని గుర్తు తెచ్చుకోవడమే.

నవంబరు పొద్దున. సెమిలిగుడ దాటేదాకా మంచు, ముందు చక్రం తప్ప ఏమీ కనపడలేదు. మంచు విడిపోగానే రెండు పక్కలా వలిసె పూలు, కొండ వాలంతా పసుపు. తారురోడ్డు వదిలి ఊళ్ల మధ్య ఎర్రమట్టి బాట పట్టాను, రేసులో ఉండేది అలాంటి దారే కదా. ఒక ఊళ్లో ముసలమ్మ సొరకాయ బుర్రలోంచి మాండియా పేజ్, అదే మన రాగి అంబలి, గిన్నెలో పోసిచ్చింది. పుల్లగా, చల్లగా, గొంతు దిగుతుంటేనే ప్రాణం లేచొచ్చింది.

అసలు ఎక్కుడు మొదలయ్యాక మాటలు లేవు. సరిగ్గా ఆ మలుపు దగ్గరే చైన్ జారింది, దిగక తప్పలేదు. చేతులకి గ్రీజు, నుదుటి మీంచి చెమట కంట్లోకి, లోపల మళ్లీ అదే గొంతు: చూశావా, ఇక్కడే. చైన్ ఎక్కించి, రెండు గుక్కలు తాగి, ప్లాస్టర్ చూశాను. ఇంకు చెమటకి అలికిపోయినా ‘వంద’ అన్న మాట కనపడింది. మొదటి వంద అయ్యేసరికి మలుపు వెనకపడింది. రెండో వందలో అరవై దగ్గర లెక్క తప్పాను, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను. అలా ఎన్ని వందలో గుర్తులేదు.

పైన 1,672 మీటర్లు, ఒడిశాలో ఇంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. గాలి సైకిల్‌ని నిలబడనివ్వడం లేదు. పక్కకి పడుకోబెట్టి, పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర అంతా తిన్నాను.

కానీ ఇది ఒక్కరోజు ఎక్కుడు. మూడో రోజు పొద్దున ఒళ్లంతా పుండులా ఉన్నప్పుడు ప్లాస్టర్ మీద ఏం రాసుకోవాలో ఇంకా తేలలేదు. వచ్చే శని, ఆది, సోమ వరసగా మూడు రోజులు ఇదే కొండెక్కి చూస్తాను. షాపు అన్నయ్య చూసుకుంటానన్నాడు.